ఆడించదు గానీ దాచిపెడుతుంది

బొద్దింకంటే నాకు భయం లేదు, రోత. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్లే నన్ను చూసి నవ్వుతారు. భయమైతే పరుగెత్తుతాం, పని తీరిపోతుంది. రోత అట్లా కాదు. మనిషిని ఉన్నచోటనే నిలబెట్టి కడుపులో కవ్వం పెట్టి చిలుకుతుంది. పైగా నా బతుకు చూడండి, ఆత్మకూరులో పాత ఫోన్లూ, రిమోట్లూ, టీవీ డబ్బాలూ బాగుచేసే కొట్టు నాది. కరెంటు పారే డబ్బా ఏదైనా వెచ్చగా ఉంటుంది, వెచ్చగా ఉన్నచోటల్లా బొద్దింక కాపురం పెడుతుంది. గిరాకీ వచ్చి డబ్బాను బల్ల మీద పెట్టగానే నేను ముందు దాన్ని ఒకసారి వేలితో తడతాను. లోపలి నుంచి చప్పుడొస్తే రేపు రమ్మంటాను. వాళ్లు అది డబ్బా జబ్బు అనుకుంటారు. జబ్బు నాది.

ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడికి ఇంతకంటే శుభ్రమైన ఉద్యోగం ఎవరిస్తారని మా బావ ఎగతాళి చేస్తుంటాడు. ఆయన పది పాసయ్యాడు. అదీ రెండో విడతలో.

బావా అక్కా ఉండేది ఉదయగిరిలో. బావ పొలం చూసుకుంటాడు, అక్క ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఈమధ్య ఆమె కుడిచేతి బొటనవేలు మడిస్తే మడిచినట్టే ఉండిపోతోంది. ఎడమచేత్తో పట్టి లాగితే టక్కుమని తెరుచుకుంటోంది, తుప్పుపట్టిన గొడుగులాగా. నెల్లూరు డాక్టరు చూసి, చిన్న కోత కోస్తే సర్దుకుంటుందన్నాడు. అయితే కోశాక కొన్నాళ్లు వేలు కదలనివ్వకూడదనీ, తర్వాత మునుపటంత చురుగ్గా తిరుగుతుందో లేదో చేతిలో చెయ్యేసి చెప్పలేననీ అన్నాడు. ఆ మాట పట్టుకుని అక్క ఆపరేషన్ని ఇదిగో అదిగో అని తోసుకుంటూ వచ్చింది. జాకెట్ల కోసమే అనుకున్నాం అందరం. ఒకరోజు కొట్లో ఉండగా నాకు ఫోన్ చేసింది.

"ఒరే, నా ఆట ఉండాదా?"

ఏ ఆట అని నేను అడగలేదు. ఉందన్నాను.

"వేలు కోయించుకోకముందే ఆ చివరి అంతస్తు ఎక్కాల. ఎక్కినాకనే ఆసుపత్రికి పోతా. మీ బావకు చెప్పబాక."

ఆ ఆట సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట ఇదే కొట్టులో నేను గేముల పార్లర్ నడిపాను. రెండు టీవీలు, రెండు గేము డబ్బాలు. పిల్లలు బడి ఎగ్గొట్టి వచ్చేవాళ్లు. నేను బడిని మొత్తానికే ఎగ్గొట్టినవాణ్ణి కాబట్టి వాళ్లకు నీతులు చెప్పే యోగ్యత లేదు. వాళ్లు ఎదురుబండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిని, ఆ చేతులు కనీసం నిక్కరుకైనా తుడవకుండా జాయ్‌స్టిక్ పట్టుకునేవాళ్లు. జలుబు చేసినవాడు ముక్కు ఎక్కడ తుడిచేవాడో చెప్పను, మీరిది అన్నం దగ్గర కూర్చుని చదువుతున్నారేమో. సాయంత్రానికి జాయ్‌స్టిక్ బల్ల మీద పెట్టబోతే చేతికి అంటుకుని లేచొచ్చేది.

మధ్యాహ్నం నాకు అన్నం క్యారియర్ తెచ్చేది అక్క. అప్పటికి ఆమెకు పెళ్లి కాలేదు. నేను తిని కాసేపు వెనకగదిలో నడుం వాలిస్తే ఆమె కొట్టుకు కాపలా. షట్టర్ సగం దించి, జాయ్‌స్టిక్ ని తడిగుడ్డతో తుడిచి, ఆడటం మొదలుపెట్టింది. కత్తి పట్టుకున్న బక్కపలచటి మనిషి ఒకడు కోట ఎక్కాలి, అంతస్తుకో రాక్షసుడు. మా పార్లర్లో మొనగాళ్లమని తిరిగేవాళ్లంతా సగం కోటలోనే చచ్చి బయటపడేవాళ్లు. అక్క మాత్రం రోజూ అన్నం తెచ్చి తెచ్చి చివరి అంతస్తు తలుపు దాకా ఎక్కేసింది. అప్పుడే సంబంధం కుదిరింది. ముహూర్తం దగ్గరకొచ్చాక ఆడపిల్లను కొట్టుకు పంపేదేందని నాయన ఆపేశాడు. ఆ చివరి మధ్యాహ్నం ఆమె తలుపు ముందు ఆటని నిలిపి, మెమరీ కార్డులో దాచింది.

మెమరీ కార్డంటే అగ్గిపెట్టె కంటే పల్చటి నల్లముక్క. ఎవరు ఎక్కడిదాకా ఆడారో అందులో ఉంటుంది. కార్డు నిండితే పక్కవాడి ఆట చెరిపి తన ఆట రాసుకోవడం మా పార్లర్లో ధర్మం. అందుకని అక్క కార్డును డబ్బాలోంచి పీకి అమ్మ చేతికిచ్చింది. అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. మా ఇంట్లో అంతకంటే గట్టి లాకర్ లేదు.

సరే, అక్క ఫోన్ పెట్టేశాక నిచ్చెన వేసుకుని కొట్టు అటక ఎక్కాను. ఫోన్లొచ్చి పార్లర్ మూతపడ్డప్పుడు ఆ రెండు డబ్బాల్నీ అక్కడ పడేశాను. ఒకదాన్ని దగ్గరికి లాక్కుని వేలితో తట్టాను. లోపల చప్పుడు కాదు, సభ. గాలి పోవడానికి పెట్టిన సందుల్లోంచి మీసాలు బయటికొచ్చాయి. ఒకటి రెండు కావు, వరసగా. ఎవడు పిలిచాడ్రా అని అడుగుతున్నట్టు అటూ ఇటూ ఊగాయి. నేను నిచ్చెన మెట్లన్నీ దిగానో, కొన్ని వదిలేశానో నాకు గుర్తులేదు.

ఆ డబ్బా మాత్రం తెరిచేది లేదనుకున్నాను. ఫోన్లో వెతికితే దారి దొరికింది. ఆ డబ్బా తర్వాత అదే వంశంలో పుట్టిన ఇంకో డబ్బా ఉంది. దానికి చిన్న వైరుముక్క తగిలించి పాత కార్డును గుచ్చితే, పాత ఆటలన్నీ కొత్తదాంట్లోకి వచ్చి కూర్చుంటాయట. కొత్తది అంటున్నానే గానీ అదీ ముసలిదే. పాతదానికి తమ్ముడు కాబట్టి కొత్తది. నెల్లూరులో సెకండ్‌హ్యాండ్ సామాన్లు అమ్మేవాడి దగ్గర దొరికింది. సన్నగా, నున్నగా, నల్లగా మెరుస్తోంది. తట్టి చూశాను. చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం చూసే కొన్నానని ఒప్పుకుంటాను.

దాన్ని గోనెసంచిలో చుట్టి బండి మీద ఉదయగిరి పోయాను. బయల్దేరేముందే ఇంట్లో అమ్మ దగ్గర కార్డు తీసుకుని, ఆమె గుడ్డపేలికలో మూటకట్టి ఇచ్చింది ఇచ్చినట్టే జేబులో వేసుకున్నాను, విప్పి చూడలేదు. బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం బామ్మర్దీ, ఏంది మోసుకొచ్చినావు?"

డిస్కులు చూసే మిషన్ అన్నాను. ఆయన నమ్మినట్టు తల ఊపాడు. నమ్మలేదని ఇద్దరికీ తెలుసు.

టీవీకి తగిలించి, జేబులోంచి మూట తీసి విప్పాను. ఏం చెప్పమంటారు. నల్లటి కార్డు పసుపుపచ్చగా ఉంది. మధ్యలో ఎర్రగా బొట్టు. ఆ బొట్టు మీద బొట్టు, దానిమీద ఇంకో బొట్టు. మా ఇంట్లో ఆయుధపూజ రోజున నా స్క్రూడ్రైవర్లకూ, టంకం వేసే కడ్డీకీ, అమ్మ కత్తిపీటకూ, అన్నిటికీ పసుపు, గంధం, కుంకుమ పెడతారు. దేవుడి గూట్లోనే ఉన్న సామానుకి పెట్టకుండా వదిలేస్తారా. ఏటా పెట్టారు. ఎదురుగా మెరుస్తూ కనపడింది కాబట్టి సరిగ్గా ఆ బంగారు రంగు పళ్ల మీదే పెట్టారు. పళ్లంటే కార్డు మిషన్తో మాట్లాడే చోటు. గంధం గట్టిపడి సిమెంటైంది. దీపం నూనె తగిలి కుంకుమ జిగురైంది. ఆ జిగురులో ఒక ఈగ, రెండు చీమలు, పేరు తెలియని పురుగు కాలు ఒకటి, అందరూ అతుక్కుని మోక్షం పొంది ఉన్నారు. నాకు నోట్లో నీళ్లూరాయి, మంచివి కావు.

అక్క దాన్ని చూసి, అమ్మ బాగానే చూసుకుందిరా అంది.

వైరుముక్కలో గుచ్చితే కొత్త డబ్బా కార్డే లేదంది. పక్కింటి పెయింటరు దగ్గర సీసా మూతెడు థిన్నర్ తెచ్చి, దూదితో నానబెట్టి, పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. పసుపుతో, పురుగుతో, థిన్నర్ తో కలిసి వచ్చిన ఆ వాసనకి ఇప్పటిదాకా ఎవరూ పేరు పెట్టలేదు, పెట్టనక్కర్లేదు. రుద్దిన రబ్బరు పొట్టు గోళ్లలోకి పోయింది. మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నా ఆ పూట అక్క పెట్టిన పప్పన్నాన్ని నేను చెంచాతో తిన్నాను. నా ఎదురుగా అక్క కూడా చెంచాతోనే తింటోంది. బొటనవేలు ముడుచుకుపోతే అన్నం కలుపుకోవడం రాదు. అది చూశాక నా చెంచా మీద నాకే చిరాకేసింది.

రెండోసారి గుచ్చితే కార్డు కనపడింది. కొత్త డబ్బా మాత్రం ఊరికే తీసుకుంటుందా. ముందు అప్‌డేట్ అంది. ఫోన్లోంచి నెట్ ఇస్తే తాగి తాగి నా రోజు డేటా మొత్తం మింగింది. తర్వాత షరతులన్నీ చదివాను, ఒప్పుకుంటున్నాను అని నొక్కమంది. చదవకుండా నొక్కాను. అంత చదివేవాణ్ణయితే బడిలోనే ఉందును. ఆ తర్వాత తనలోపల ఒక కార్డు తయారు చేసుకోమంది. చేతికి దొరకని, కంటికి కనపడని కార్డు. దానికి పేరు కూడా పెట్టమంది. లేని కార్డుకి నామకరణం. అక్క అని పెట్టాను. అప్పుడు నిదానంగా ఒక గీత నిండింది. ఆట వచ్చింది.

తెర మీద చిన్న కోటబొమ్మ గిరగిరా తిరుగుతోంది. కింద, ఆమె చివరిసారి ఆడిన తారీఖు. పెళ్లికి ముందు రోజులు. అక్క కళ్లజోడు పెట్టుకుని టీవీకి మరీ దగ్గరగా వెళ్లి చూసింది. తర్వాత చీర కొంగుకు చేతులు తుడుచుకుని, జాయ్‌స్టిక్ ఇవ్వరా అంది.

కొట్లోంచి వెంట తెచ్చిన పాత ఆట డిస్కు పెట్టాను. డబ్బా లోపలికి లాక్కుంది. కాసేపు తిరిగింది. తర్వాత మర్యాదగా ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పింది. నాకొచ్చిన ఇంగ్లీషుకి అర్థమైంది: ఈ డిస్కు ఇందులో ఆడదు.

తీసి తుడిచి పెట్టాను, ఆడదు. బయటికెళ్లి ఫోన్లో చదివాను. ఈ కొత్త డబ్బాలోనే ముందుగా వచ్చిన లావుపాటి రకం ఒకటుంది, అది పాత ఆటల్ని ఆడిస్తుంది. తర్వాత ఖర్చు తగ్గించుకుందామని ఆ ఆడించే భాగాన్ని పీకేసి సన్నది చేశారు. నేను కొన్నది ఆ సన్నది. మరి దాచిపెట్టే భాగాన్ని ఎందుకు ఉంచారు? దాన్ని పీకడం మర్చిపోయారా, దయతలిచారా? ఆటని లోపల కూర్చోబెట్టుకుంటుంది, దాని బొమ్మని తిప్పి తిప్పి చూపిస్తుంది, తారీఖు చదివి వినిపిస్తుంది, ఆడనివ్వదు. భోజనాలకి పిలిచి, విస్తరి వేసి, వంటల పేర్లన్నీ చదివి, ఇంక చెయ్యి కడుక్కోండి అన్నట్టుంది. బొద్దింకలు నయం. అవి ఆడిస్తామని ఎవరికీ మాట ఇవ్వలేదు.

లోపలికొచ్చి అక్కకు చెప్పాను. ఆమెకు ఒక పట్టాన అర్థం కాలేదు.

"అంటే ఆట దాంట్లో ఉండాది."

"ఉండాది."

"ఆడను రాదు."

"రాదక్కా. ఆడాలంటే మళ్లా పాతదే కావాల."

అరుగు మీద నుంచి ఎప్పుడు లేచొచ్చాడో, బావ వాకిట్లో నిలబడి ఉన్నాడు. భద్రంగా ఉందిగా, చాల్లే అన్నాడు. అక్క ఆయన వైపు తిరిగింది.

"భద్రంగా ఉండేదానికి అదేమన్నా బంగారమా? ఆడుకునేది కదయ్యా."

ఆడినాకనే ఆసుపత్రి అని కూడా అనేసింది. అప్పుడు తెలిసింది ఆయనకు, ఆపరేషన్ ఎందుకు ఆగిందో. ఉదయగిరి కోట కిందనే కాపురం ఉండి ఒక్కరోజు పైకి ఎక్కింది లేదు, టీవీలో కోట ఎక్కుతుందా అని కాసేపు అరిచాడు. అరిచాక ఆయన కూడా దారి వెతికాడు పాపం. ఫోన్లో వీడియో పట్టుకొచ్చాడు. ఎవడో తెల్ల కుర్రాడు చివరి అంతస్తు మొత్తం ఆడి పెట్టాడు. ఇదిగో చూడు, అయిపోయింది, రేపు నెల్లూరు పోదాం అన్నాడు. అక్క ఆ ఫోన్ని అందుకుని, చూడకుండా బల్ల మీద బోర్లా పెట్టింది.

"వాడెవడో తింటా ఉంటే నేను చూస్తా కూర్చోవాల్నా?"

నేను బండి తీస్తుంటే బావ గేటు దాకా వచ్చాడు. గొంతు తగ్గించాడు. జడ వేసుకోలేకపోతోందట, పొద్దున ఈయనే వేస్తున్నాడట. ఆ మాట ఎవరితోనూ అనొద్దన్నాడు. నీకేమొచ్చో అది చెయ్యి బామ్మర్దీ అన్నాడు. నాకేమొచ్చో ఇద్దరికీ తెలుసు. అది అటక మీద మీసాలు ఊపుతోంది.

మర్నాడు రెండు పాత డబ్బాల్నీ ఒక్కొక్కటే గోనెలో వేసి, మూతి బిగించి, కొట్టు వెనక ఖాళీస్థలంలోకి మోశాను. ముఖానికి తువాలు, చేతులకి కూరగాయల కవర్లు, కాళ్లకి గమ్‌బూట్లు. చూసినవాళ్లు ఎవరింట్లో పాము దూరిందని అడిగారు. మరలు విప్పి మూత లేపాను.

నేను రాయలేను, అయినా రాస్తాను. ముందు అవి పారాయి. పెద్దవి, చిన్నవి, అప్పుడే పుట్టి తెల్లగా పారదర్శకంగా ఉన్నవి, నా గమ్‌బూటు మీదుగా, కవరు మీదుగా. పక్కింటి కోళ్లు పరుగెత్తుకొచ్చాయి, వాటికా పూట పెళ్లిభోజనం. తర్వాత పారనివి మిగిలాయి. చింతగింజల్లాంటి గుడ్ల సంచులు సర్క్యూట్ బోర్డు నిండా అతికించి ఉన్నాయి. మిరియాలపొడి చల్లినట్టు రెట్ట. రెక్కలు, కాళ్లు, విడిచిన తోళ్లు. ఫ్యాను రెక్కల మధ్య ఎండిపోయిన బల్లిపిల్ల, నోరు తెరుచుకుని. అన్నిటికీ మించి ఆ వాసన, జిడ్డుగా, తియ్యగా. తియ్యగా ఉండటమే నేను క్షమించలేకపోయాను. పక్కకు వెళ్లి ఉదయం తిన్న ఇడ్లీని భూదేవికి అప్పగించి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

పాత పళ్లకుంచెతో తోమాను, థిన్నర్ పోశాను, ఎండలో పెట్టాను. ఒక డబ్బాకి బోర్డు బాగుంది, డిస్కు చదివే కన్ను పోయింది. రెండోదానికి బోర్డుని ఏవో కొరికి పారేశాయి, కన్ను బాగుంది. ఆ కన్ను తీసి దీనికి పెట్టాను. సాయంత్రానికి తెర మీద కోట కనపడింది. నాకేమీ సంతోషం కలగలేదు. ఇంటికెళ్లి రెండుసార్లు తలస్నానం చేశాను. ఆ వారమంతా కోడికూర ముట్టలేదు, ఆ కోళ్లు ఏం తిన్నాయో కళ్లారా చూసినవాణ్ణి.

ఉదయగిరిలో ఈసారి టీవీకి ఎదురుగా చాప వేసి సిద్ధంగా ఉంది అక్క. డబ్బాని ముట్టుకోబోతే నేనే వద్దన్నాను. కొత్త డబ్బాలోకి పోయింది నకలే, అసలు ఆట కార్డులోనే ఉంది, ఆ కార్డు గుచ్చాను. తలుపు ముందు ఆమె నిలిపిన చోటనే, అదే బక్కమనిషి కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్క తలుపు తోసింది.

లోపల రాక్షసుడు పెద్దవాడే. ఆమె వేళ్లకు దారి ఇంకా గుర్తుంది. తప్పుకోవడం, దెబ్బ వెయ్యడం, వెనక్కి దూకడం. దూకాల్సిన చోట బొటనవేలు ముడుచుకుని బిగుసుకుపోయింది. మనిషి చచ్చాడు. ఎడమచేత్తో లాగి తెరిచి, మళ్లీ. మళ్లీ అక్కడే. ఆమె పై పెదవి మీద చెమట. ప్రతిసారీ వేలు టక్కుమన్నప్పుడు బావ ముఖం పక్కకు తిప్పుకుంటున్నాడు. చూడలేక నేను చెయ్యి చాపాను, ఆ ఒక్క దూకుడు నేను దూకుతాలే అని. ఆమె నా చెయ్యి వైపు చూసిన చూపుకి నేనే వెనక్కి తీసుకున్నాను.

తర్వాత జాయ్‌స్టిక్ ని చేతుల్లోంచి దించి, కుట్టుమిషన్ బల్ల మీద పడుకోబెట్టింది. స్టూలు లాక్కుని కూర్చుంది. ఎడమచెయ్యి బక్కమనిషిని నడిపే పుల్ల మీద. కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ మీటల మీద. సూది కింద గుడ్డని తోసేటప్పుడు వేళ్లు ఎట్లా పెడుతుందో అట్లా. బొటనవేలికి అక్కడ పనే లేదు. మొదట తడబడింది, రెండుసార్లు చచ్చింది, తర్వాత చేతికొచ్చింది. రాక్షసుడు మోకాళ్ల మీద పడ్డాడు.

ఇన్నేళ్లు ఆగినదానికి చివర ఏమిచ్చారో తెలుసా? తలుపు తెరుచుకుంది. ఆకాశం కనపడింది. రెండు పక్షులు ఎగిరాయి. అంతే. ఇంగ్లీషులో రెండు ముక్కలు. ఆ తర్వాత పేర్లు, ముక్కూమొహం తెలియనివాళ్ల పేర్లు పైకి పోతూనే ఉన్నాయి. దీనికోసమా నేను ఆ గుడ్ల సంచులు గీకింది అని నా గోళ్ల వైపు చూసుకున్నాను. అయిపోయిందనుకుని బావ వార్తలు పెడదామని రిమోట్ అందుకోబోయాడు. అక్క ఆయన చేతిని పట్టుకుని ఆపింది. వదల్లేదు. ఒక్కో పేరూ తెర దాటేదాకా చూసింది. ఆ పేర్లు ఆమె చదవలేదని నాకు తెలుసు, ఆమెకు ఇంగ్లీషు నాకంటే తక్కువ.

చివరికి తెర నల్లబడి, ఇక్కడిదాకా దాచమంటావా అని అడిగింది ఆట. అక్క ఇటు తిరిగి నన్ను అడిగింది, ఏమంటాందిరా అని. దాచమంటావా అంటోంది అన్నాను.

"ఎందుకు, ఆడేసినా కదా" అని వద్దు మీద నొక్కింది.

స్టూలు మీద నుంచి లేచి, ముడుచుకున్న వేలిని ఎడమచేత్తో తెరుచుకుంటూ బావతో అంది.

"సోమవారం పోదాం. బండి మాట్లాడు."